గేరు వైరు తనిఖీ

విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో పనిముట్టు ముట్టుకున్నవాడంత పాపాత్ముడు ఇంకొకడు ఉండడు. జేబుదొంగనైనా నాలుగు తిట్టి వదిలేస్తారు గాని, ఆ రోజు స్పానర్ పట్టినవాణ్ణి ఏడాదిపాటు గుర్తుపెట్టుకుంటారు. సుత్తి దగ్గర్నుంచి క్రేను దాకా అన్నీ సిందూరం పెట్టుకుని, బంతిపూల దండలు వేసుకుని, పెళ్ళికొడుకుల్లా కదలకుండా కూర్చోవలసిందే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆదిబాబు ఈ నియమాన్ని పొల్లుపోకుండా పాటిస్తున్నాడు. పాటించడమే కాదు, పాటించనివాళ్ళను నిలబెట్టి చీవాట్లు పెట్టే అధికారం కూడా తనకు తానే ఇచ్చుకున్నాడు.

అలాంటి ఆదిబాబుకి ఈ ఏడు పూజనాడు, మధ్యాహ్నం పన్నెండింటికి, చేతిలో ఖిచిడీ దొన్నె ఉండగానే, స్పానర్ పట్టుకోవాలని చేతులు దురదపెట్టడం మొదలైంది.

ఆదిబాబు ఖలాసీ. ఉక్కు కంపెనీ లోపల క్రేన్లకు ఇనపతాళ్ళు ఎక్కించి దించే కాంట్రాక్టు ముఠాకు మేస్త్రీ. టెక్కలి అవతలి ఊరు వాళ్ళది. తండ్రి కాలంలోనే ఇటు వచ్చిపడ్డారు. కాపురం బిర్సానగర్‌లో. ఇనపతాడును అక్కడ రోపు అంటారు. ఏ రోపు ఇంకా పనికొస్తుంది, ఏది తీసి పారెయ్యాలి అన్నది ఆదిబాబు తేల్చాలి. గుడ్డ పట్టుకుని రోపు పొడవునా నిమురుతాడు. తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. జానెడు మేర లెక్కకు మించి పోగులు తెగితే రోపు చచ్చినట్టు, లేకపోతే బతికినట్టు. అతను 'బాగుంది' అని రాసి సంతకం పెట్టిన రోపు ఇంతవరకూ ఒక్కటీ తెగలేదు. ఈ సంగతి రోజుకు ఒకసారైనా ఎవరికో ఒకరికి చెప్తాడు. వినేవాళ్ళు దొరక్కపోతే భార్య రత్నానికి చెప్తాడు.

ఈ రిజిస్టరు జబ్బు కంపెనీ గేటు దగ్గర ఆగలేదు, ఇంటికీ పాకింది. గోడమేకుకి ఒక నోటుబుక్కు వేలాడుతూ ఉంటుంది. గ్యాసు పైపు, కుక్కరు రబ్బరు, బట్టలారేసే తీగ, ఫ్యాను కొక్కెం అన్నీ అందులో ఉంటాయి. తేదీ, వస్తువు, ఎలా ఉంది, తనిఖీ చేసినవారు అని నాలుగు గళ్ళు. నాలుగో గడిలో పైనుంచి కిందదాకా ఒకటే సంతకం. "నన్ను కూడా రాసీ అందల. పెళ్ళాం, బాగుంది అని," అని రత్నం అప్పుడప్పుడు దెప్పుతూ ఉంటుంది.

ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎక్కిన వస్తువు సౌజన్య సైకిలు. సౌజన్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పందొమ్మిదేళ్ళు. వంగిన హ్యాండిలూ, సన్నటి టైర్లూ ఉన్న రేసు సైకిలు, ఎవరో వాడి అమ్మేసింది, పట్టుబట్టి కొనిపించుకుంది. మూడేళ్ళుగా దానిమీదే తిరుగుతోంది. బయల్దేరే ముందు ఆదిబాబు సైకిలంతా తడిమి చూసి, బొటనవేలు పైకెత్తి "హాబీస్!" అనాలి. అంటే ఎత్తమని. ఖలాసీలు క్రేను నడిపేవాడికి చెప్పేవి రెండే మాటలు, ఎత్తడానికి హాబీస్, దించడానికి ఆరియా. ఆ మాట పడనిదే కొక్కెం కదలదు. ఆ మాట పడనిదే సౌజన్య కూడా గడప దాటదు.

ఇక పూజ మర్నాడు పొద్దున్న ఆరింటికి డిమ్నా దారిలో రాష్ట్ర సైకిలు జట్టుకు ఎంపిక పందెం. ఆడపిల్లల్లో ఇద్దరికే చోటు. పోయినేడు సౌజన్య మూడోది. నాలుగు సెకన్ల తేడాలో చోటు పోయింది. ఆ నాలుగు సెకన్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

గొడవ ఆగస్టులో మొదలైంది. వెనక గేరు సరిగా పడటం లేదని, మీట నొక్కాక కాసేపు ఆలోచించి మరీ పడుతోందని సౌజన్య చెప్పింది.

"పాపా, కేబుల్ బదల్నా పడేగా," అంది, వైరు మార్చాలని. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఏసి ఎన్నాళ్ళయినాది?"

ఏడాది దాటిందని, ఐదు వేల కిలోమీటర్లు తిరిగిందని, మూడు వేలకోసారి, లేదా ఏడాదికోసారి మార్చేయాలని అందరూ అంటున్నారని చెప్పింది.

ఆదిబాబుకి ఎక్కడో చురుక్కుమంది. "రోపుకి తారీకేటే? పాల పేకెట్టా అది, తారీకు సూసి పారీడానికి? పోగు తెగితే మార్చాల. తెగనేదంటే మార్చక్కర్నేదు. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి నానేటి సేత్తన్నాననుకున్నావు?"

గుడ్డ తెచ్చి, సైకిలు అడుగున కనిపించే గేరు వైరుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరాడు. ఒక్క పోగు తగుల్లేదు. పుస్తకంలో రాశాడు: ఆగస్టు పది, గేరు రోపు, బాగుంది. అంతటితో ఊరుకోలేదు. క్రేను తాళ్ళకు పూసే నల్ల గ్రీజు స్టోరులో అడిగి ఒక డబ్బాడు తెచ్చి, ఆ సన్నటి వైరుకి దట్టంగా పట్టించాడు. "రోపుకి గ్రీజే ఆయుస్సు," అన్నాడు. సౌజన్య ఏదో అనబోయి, తండ్రి మొహం చూసి మానేసింది.

తర్వాత రెండుసార్లు గేరు ఇంకా మొరాయిస్తోందని నసిగింది. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. సెప్టెంబరు మొదట్లో ఆదిబాబే ఉండబట్టలేక, "గేరెలాగున్నాదే?" అని అడిగాడు.

"ఏక్‌దమ్ మస్త్, పాపా."

మళ్ళీ గుడ్డ పట్టి నిమిరాడు. తెగిన పోగు లేదు. పుస్తకంలో రాశాడు: సెప్టెంబరు ఏడు, గేరు రోపు, బాగుంది, గ్రీజు పని చేసింది. ఆఖరి మాట కింద రెండు గీతలు కూడా గీశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నమ్మేవాడికి నాలుగో కాలు ఎదురుగా ఆడుతున్నా కనిపించదు.

పూజనాడు క్రేను షెడ్డులో దొన్నె పట్టుకుని ఈ కథంతా అసిరయ్యకు చెప్తున్నాడు. అసిరయ్య అతని గురువు. డెబ్బై అయిదు దాటిన మనిషి. పర్సుడీహ్ నుంచి ఏటా ఈ ఒక్కరోజు ఆటో మాట్లాడుకుని వస్తాడు. ఆదిబాబుకి రోపు నిమరడం నేర్పింది ఆయనే. ముసలాయన ఖిచిడీ తింటూ అంతా విన్నాడు. వేళ్ళు నాక్కున్నాక అడిగాడు:

"పీక సూసినావేట్రా?"

"ఏటి మావా?"

"రోపు నడుం కాడ సావదురా ఆదిగా. పీక కాడ సత్తాది. కట్టేసిన కాడ, వొంగిన కాడ. నీకు మొట్టమొదట సెప్పింది అదే గదరా. ఆ గుంట సైకిల్‌కి పీకెక్కడున్నాది?"

ఆదిబాబు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. గేరు వైరు మొదలయ్యేది హ్యాండిలు మీద, చెయ్యి పట్టుకునే రబ్బరు తొడుగు లోపల. వైరుకి గుండు లాంటి తల ఉంటుంది. అది మీట లోపల గూట్లో కూర్చుంటుంది. గేరు మార్చిన ప్రతిసారీ వైరు ఆ తల పక్కనే చిన్న మలుపు తిరుగుతుంది. రోజుకు కొన్ని వందలసార్లు, ఒక్క చోటే. తను ఆ రబ్బరు తొడుగు ఏనాడూ ఎత్తి చూడలేదు. అడుగున, వెలుతురులో, నిటారుగా ఉన్న ముక్కను నిమిరి రెండుసార్లు సంతకం పెట్టాడు.

"గుంట బాగుందనే అన్నాది మావా. గేరు మస్తుగా పడతన్నాదని."

"సచ్చిపోయే ముందు రోపు నెమ్మదిగానే ఉంటాది," అని ముసలాయన రెండో దొన్నె అందుకున్నాడు.

ఇందులో ప్రాణాలు పోయేదేమీ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. వెనక గేరు వైరు తెగితే మనిషి పడిపోడు. గొలుసు మాత్రం వెళ్ళి వెనక అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీద కూర్చుంటుంది. అంటే అన్నిటికన్నా బరువైన గేరు. ఇక అది మారదు. డిమ్నా దారి ఎత్తుల్లో ఆ గేరుతో తొక్కడం, నిండు బస్తాల రిక్షాను ఒంటికాలితో లాగడం ఒకటే. నాలుగు సెకన్లు కాదు, నాలుగు నిమిషాలు పోతాయి. ఆ పిల్ల మూడేళ్ళ కష్టం, 'బాగుంది' అన్న తన ఒక్క మాట మీద వేలాడుతోంది. ఆదిబాబు దొన్నె కింద పెట్టేసి స్కూటరు దగ్గరకు నడిచాడు. నడిచాడనడం మర్యాద కోసం, నిజానికి పరిగెత్తాడు.

దారిలో రెండుసార్లు స్కూటరు ఆపి ఫోను చేశాడు. మోగింది గాని ఎత్తలేదు. సౌజన్య పొద్దున్నే స్నేహితురాళ్ళతో వెళ్ళింది. రేపటి పందేనికి నంబరు బిళ్ళ తీసుకుని, కాళ్ళు పట్టెయ్యకుండా కాస్త తిరిగి, సాయంత్రానికి వస్తానంది. సైకిలు ఆమెతోనే ఉంది. ఇంటికి చేరేసరికి పనిముట్ల పెట్టె దేవుడి ముందు ఎర్రగుడ్డ కప్పుకుని ఉంది. దానిమీద బంతిపూలు, కొబ్బరి చిప్ప. ఆదిబాబు చెయ్యి గుడ్డ దాకా వెళ్ళింది.

"సెయ్యెయ్యకు," అంది వెనకనుంచి రత్నం.

"అవసరం పడింది."

"పొద్దున్న నువ్వే గదా కొబ్బరికాయ కొట్టి, రేపటి దాకా ఎవులూ ముట్టుకోకండని అరిసినావు? కత్తిపీట కూడా ముట్టనీనేదు. బెండకాయలు సేత్తో తుంపి వండినాను నాను. ఇప్పుడు నీకవసరం పడిందేటి?"

చెయ్యి వెనక్కి తీసుకుని మంచం మీద కూర్చున్నాడు. లేచాడు. గేటు దాకా వెళ్ళి వీధి చివర చూసి వచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు. నోటుబుక్కు దింపి సెప్టెంబరు ఏడు దగ్గర తెరిచి, గ్రీజు పని చేసింది అన్న మాట చదివి, వెంటనే మూసేశాడు. కాలుకాలిన పిల్లిలా ఇంటికీ గేటుకీ మధ్య తిరుగుతుంటే, రత్నానికి ఆ తిప్పలు చూడలేక విసుగొచ్చింది. సంగతేమిటో చెప్పమంది. చెప్పాడు.

"అయితే ఆ పిల్ల అడిగినప్పుడే మార్చీవలసింది," అంది. ఎంత ఆలోచించినా ఆమెకు అదొక్కటే తోచింది. ఆదిబాబుకు అది తిట్టులా తగిలింది. స్కూటరు తాళం తీసుకుని సాక్చి బజారుకి బయల్దేరాడు.

సాక్చిలో సైకిళ్ళ దుకాణం దీపక్‌ది. ముప్పై ఏళ్ళ కుర్రాడు. రేసు సైకిళ్ళు విప్పి బిగించడం తెలిసినవాడని ఆ పిల్లలంతా అతని దగ్గరకే పోతారు. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల విశ్వకర్మ బొమ్మ, పక్కన మైకు, బయట ఆటోల రొద. దీపక్ పట్టు కుర్తా వేసుకుని వచ్చినవాళ్ళందరికీ బుందియా, అంటే తీపి బూందీ, పంచుతున్నాడు. పనిముట్లన్నీ గోడకు దండలతో వేలాడుతున్నాయి.

ఆదిబాబు బుందియా తీసుకోలేదు. ఒక గేరు కేబుల్ ఇచ్చి, సాయంత్రం తనతో ఇంటికొచ్చి మార్చిపెట్టమని హిందీలో అడిగాడు. దీపక్ నవ్వాడు.

"ఈ రోజా చాచా? ఈ రోజు ఎవరైనా చెయ్యి వేస్తారా?"

"పాపమంతా నాది. నువ్వు చెయ్యి చాలు."

దీపక్ నవ్వు ఆపాడు. ఎవరి సైకిలని అడిగాడు. సౌజన్యది అనగానే మొహం అదోలా పెట్టి, "దానికి మార్చక్కర్లేదు చాచా, మీరు ఇంటికెళ్ళండి," అన్నాడు. ఎందుకు అక్కర్లేదో చెప్పడు. చూపు పక్కకు తిప్పుకుంటాడు. ఆదిబాబుకి ఒళ్ళు మండింది. మీట లోపల వైరు తల దగ్గర తెగుతుందని, పైకి కనిపించదని, ఇదంతా తెలియకుండా దుకాణం ఎలా పెట్టావని అరిచాడు. బుందియా తినేవాళ్ళు తినడం ఆపి చూశారు. అరుస్తూ అరుస్తూ తెలుగులోకి దిగిపోయాడు. దీపక్‌కి తెలుగు ముక్క రాదని కూడా మరిచిపోయాడు.

"నానే బాగుందని రాసినాను బాబూ. రెండుపాలీలు సంతకం ఎట్టినాను. అది నా మాట మీద ఎల్తన్నాది. నా మాట మీద ఓడిపోతాది."

మాటలు అర్థం కాకపోయినా దీపక్‌కి బాధ అర్థమైంది. బుందియా పళ్ళెం పక్కనపెట్టి, ఆదిబాబు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. గల్లాపెట్టె పక్క సొరుగు లాగి ఒక కవరు తీశాడు. అందులో చుట్ట చుట్టిన పాత వైరు ఉంది, గ్రీజుతో నల్లగా.

"చెప్పొద్దంది చాచా. కాని మిమ్మల్ని ఇలా చూడలేను. ఆగస్టు ముప్పైన మార్చేశాను."

ఆదిబాబు వైరుని వెలుతురులోకి పట్టుకున్నాడు. పొడవంతా నున్నగా ఉంది. తల దగ్గర మాత్రం పాత చీపురులా విచ్చుకుంది. పందొమ్మిది పోగుల్లో నాలుగు మాత్రం గుండుని పట్టుకుని ఉన్నాయి. మిగతావి ఎప్పుడో తెగాయి.

"కొత్తది వేశాక ఇంకో పని చేసింది," అన్నాడు దీపక్. "చిన్న డబ్బీలో ఇదే నల్ల గ్రీజు తెచ్చుకుంది. కొత్త కేబుల్‌కి తనే పూసింది. దుమ్ము పట్టి పాడైపోతుందని తిట్టాను. మా నాన్న రేపు గుడ్డ పెట్టి చూస్తాడు, నల్లగా లేకపోతే తెలిసిపోతుంది అంది."

ముందు ఆదిబాబుకి ప్రాణం లేచొచ్చింది. వైరు కొత్తది, రేపు తెగదు. ఆ ఊపిరి ఇంకా పూర్తిగా వదలకముందే రెండో సంగతి తగిలింది. ఆగస్టు ముప్పైన కొత్త వైరు పడితే, సెప్టెంబరు ఏడున తను నిమిరిందేమిటి? ఇరవై ఎనిమిదేళ్ళు తాళ్ళు చూసిన కళ్ళు, చేతిలో ఉన్న కొత్త తాడుని పాతదనుకున్నాయి. పైగా గ్రీజు గొప్పతనమని కింద రెండు గీతలు.

కవరు జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు. దారంతా మనసు ఒకచోట నిలవలేదు. అబద్ధాలకోరు గుంట అని తిట్టుకున్నాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, అబద్ధం ఆడకపోతే ఏం చేస్తుందని తనే అడ్డొచ్చాడు. రెండుసార్లు చెప్పి చూసింది. వినలేదు. దెబ్బలకు భయపడే పిల్ల కాదది, ఆదిబాబు దాన్ని ఏనాడూ కొట్టలేదు. అది భయపడింది తండ్రి పరువుకి. గోడమేకు మీది ఆ పుస్తకం తప్పని తేలితే తండ్రి ఏమైపోతాడోనని భయపడింది. తన కూతురు తనను అంత పెళుసుగా లెక్కేసుకుందన్నది అతనికి అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

బిర్సానగర్ చేరేసరికి ఎండ వాలింది. తన వీధి మలుపులో కుళాయి దగ్గర స్కూటరు తిప్పబోయి ఆపేశాడు. అక్కడ గోడకానుకుని రేసు సైకిలు ఉంది. పొద్దున్న తను వేసిన బంతిపూల దండ ఇంకా హ్యాండిలుకి చుట్టే ఉంది. సౌజన్య మోకాళ్ళమీద కూర్చుని, ఎడమ చేతిలో చిన్న డబ్బీ పట్టుకుని, కుడి చూపుడువేలితో గేరు వైరుకి నల్ల గ్రీజు పూస్తోంది. ఇంటికొచ్చే ముందు చెయ్యాల్సిన రోజువారీ పనిలా, పెద్దగా చూసుకోకుండానే, చకచకా పూస్తోంది.

చప్పుడు విని తలెత్తింది. డబ్బీని వీపు వెనక్కి దాచింది. గుమ్మడికాయల దొంగ మొహం కూడా అంతకన్నా తేలిగ్గా దొరికిపోదు.

ఆదిబాబు దగ్గరకొచ్చి వంగి చూశాడు.

"ఎనక కాస్త వొదిలీసినావు," అన్నాడు. "అక్కడ నల్లగా నేదు. నాను సూసుంటే దొరికిపోదువు."

జేబులోంచి పాత వైరు తీసి చూపించాడు. సౌజన్య దాని చీపురు తల వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. ఆ క్షణాన ఆమెకు హిందీ రాలేదు.

"నువ్వు రాసేశావు కదా నాన్నా పుస్తకంలో, బాగుందని. అది తప్పని నేనెలా చెప్పను?"

"రోజూ పూత్తన్నావా ఇది?"

"బయల్దేరేటప్పుడు నువ్వు చూసి హాబీస్ అంటావు కదా. మలుపు తిరిగాక ఇక్కడ తుడిచేస్తాను. వచ్చేటప్పుడు మళ్ళీ పూస్తాను."

పద్దెనిమిది రోజులు. రోజుకు రెండుసార్లు. ఆదిబాబు కుళాయి గట్టు మీద కూర్చుండిపోయాడు.

"మా కాడ తప్పు కనిపెట్టి సెప్పనోడిదే పెద్ద తప్పంటారు," అన్నాడు. "నీది కాదులే. నిన్ను సెప్పనియ్యనిది నానే. సిగ్గుగా ఉన్నాదే నాకు."

సౌజన్య డబ్బీ నేలమీద పెట్టి వచ్చి అతని పక్కన కూర్చుంది. రాతిబొమ్మల్లా ఇద్దరూ కదలకుండా ఉన్నారని రాస్తే బాగానే ఉంటుంది గాని, ఆదిబాబు కదలకుండా ఉండేరకం కాదు. నిమిషం గడవకుండానే లేచాడు. పూజకని వేసుకున్న కొత్త తువ్వాలు భుజం మీంచి తీశాడు. గుడ్డ పనిముట్టు కాదు, విశ్వకర్మకు కోపం రాదు. సైకిలు పక్కన మోకాళ్ళమీద కూర్చుని, వైరు పొడవునా ఆ గ్రీజు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ, తలెత్తకుండా, ఆగస్టులో అడగవలసిన ప్రశ్న అడిగాడు.

"ఇది ఎన్నాళ్ళకోపాలి మార్చాలమ్మా?"

"మూడు వేల కిలోమీటర్లకి. లేకపోతే ఏడాదికి. వానలో ఎక్కువ తిరిగితే ఇంకా ముందే. పోగు తెగేదాకా చూడకూడదు నాన్నా, తెగేది మనకు కనపడని చోట."

"పీక కాడ."

"ఆఁ, అక్కడే."

"మరి గ్రీజు?"

"వద్దు."

"కొంచెం కూడానా?"

"అస్సలొద్దు నాన్నా."

తెల్లటి తువ్వాలు నల్లబడిపోయింది. అది చూసి రత్నం ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. అయినా ఆఖరి మరక పోయేదాకా అతను ఆపలేదు.

మర్నాడు ఆరింటికి డిమ్నా దారిలో ఒక్కొక్కరినే వదిలారు. సౌజన్య వంతు వచ్చింది. కాలు పెడలు మీద పెట్టి, అలవాటుగా వెనక్కి తిరిగి తండ్రి బొటనవేలు కోసం చూసింది. ఆదిబాబు చెయ్యి పైకి లేవలేదు.

"నువ్వు సూసుకున్నావా?" అని అరిచాడు.

"చూసుకున్నా!"

"పీక కాడ?"

"రాత్రే తొడుగెత్తి టార్చి వేసి చూశా! ఒట్టి చేతుల్తోనే!"

"అయితే నువ్వే సెప్పుకో!"

సౌజన్య ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత తన బొటనవేలే పైకెత్తి, చుట్టూ ఉన్న ఝార్ఖండ్ అంతా తిరిగి చూసేలా "హాబీస్!" అని కేకపెట్టి వెళ్ళిపోయింది. ఎత్తు మొదలయ్యే చోట గేరు పడిన చప్పుడు ఆదిబాబుకి వినిపించింది. టక్కున, ఆలోచించకుండా పడింది. ఆమె కొండ మలుపు తిరిగాక కూడా అతను అక్కడే, ఆ కాలు మీదా ఈ కాలు మీదా బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. పదిసార్లు గడియారం చూసుకున్నాడు. ఎనిమిది గంటలకు పేర్లు చదివారు. సౌజన్య రెండోది. ఈసారి మూడో పిల్లకీ ఆమెకీ మధ్య పదకొండు సెకన్లు.

ఇంటికొచ్చాక రత్నం నోరు తీపి చేసింది, తువ్వాలు గురించి నాలుగు తిట్టింది. ఆదిబాబు గోడమేకు నుంచి పుస్తకం దింపాడు. కంపెనీలో తప్పు రాత చెరపకూడదు. దానిమీద ఒకటే గీత గీసి, కింద సరైనది రాయాలి. ఆగస్టు పది మీద ఒక గీత గీశాడు. సెప్టెంబరు ఏడు మీద ఇంకో గీత గీశాడు, గ్రీజు పని చేసింది అన్న మాట మీదుగా. కింద రాశాడు: గేరు రోపు మార్చడమైనది. నాలుగో గడి ఖాళీగా వదిలి, పుస్తకం కూతురి వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు.

"ఎట్టు సంతకం."

సౌజన్య పెన్ను అందుకుంది. ఆ పుస్తకంలో ఆ గడిలో ఇంకో చెయ్యి పడటం అదే మొదటిసారి. సంతకం పెట్టి, పెన్ను తిరిగి ఇవ్వబోయింది.

"తారీకు కూడా ఎయ్యి పక్కన. ఆగస్టు ముప్పై. మల్లీ ఏడు ఎప్పుడు మార్చాలో దాన్నిబట్టి తెలుత్తాది."

"తారీకెందుకు నాన్నా?" అంది సౌజన్య, నవ్వు ఆపుకుంటూ. "పాల పేకెట్టా అది?"

ఆదిబాబు తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. అది తీగమీద మరకలతో ఆరుతోంది. అరచేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"అవునే," అన్నాడు. "పాల పేకెట్టే."